ప్రాజెక్టు మార్కులు కొనుక్కునేవి కావొద్దు: మన బడుల్లో పిల్లలతో బొమ్మల సినిమా తీయిద్దాం

తిరుమలగిరి తల్లిదండ్రులకు, సార్లకు, మేడమ్‌లకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సభ్యులకు విజ్ఞప్తి!

హైస్కూలు పిల్లలకు ఫార్మేటివ్ పరీక్షలో 20 మార్కులుంటే, అందులో 5 ప్రాజెక్టు పనికి. పిల్లలు తామే వెతికి, కలిసి చేసి నేర్చుకోవాలని ఆ మార్కులు పెట్టారు. జరుగుతున్నదేమిటి? దుకాణంలో చార్టు కొంటున్నారు, నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అతికిస్తున్నారు. మార్కులు పడుతున్నాయి, చదువు మాత్రం అంటడం లేదు.

ఏడాదిలో ఒక్క ప్రాజెక్టునైనా పిల్లలు జట్టుగా తీసే స్టాప్ మోషన్ సినిమాగా మార్చాలని కోరుతున్నాం.

ఎట్లా తీస్తారు?

మట్టితోనో అట్టతోనో చేసిన బొమ్మను బల్ల మీద నిలబెట్టి ఫొటో తీస్తారు. కొద్దిగా జరిపి మళ్లీ తీస్తారు. సెకనుకు 12 ఫొటోల చొప్పున చూపిస్తే బొమ్మ నడిచినట్టే కనబడుతుంది. నిమిషం సినిమాకు 720 ఫొటోలు. బొమ్మ రెండు సెకన్లలో గడప దాటాలంటే ఆ దూరాన్ని 24 అడుగులుగా పంచాలి. లెక్కల పుస్తకంలోని భాగహారం అక్కడ చేతికి పనికొస్తుంది. కథ రాయడంలో తెలుగు, వెలుతురు సరిచూడడంలో సైన్సు ఉన్నాయి. ఒకరు ఫోన్ దగ్గర, ఇద్దరు బొమ్మల దగ్గర, ఒకరు లెక్క రాస్తూ, మరొకరు గొంతు ఇస్తూ పనిచేయాలి. ఒక్కరు తొందరపడి బల్లను కదిపినా అందరి శ్రమా పోతుంది. కలిసి పనిచేయడం పిల్లలకు ఇంతకంటే బాగా నేర్పే పాఠం లేదు.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1913లో విడుదలైన ‘రాజా హరిశ్చంద్ర’ తీయకముందే దాదాసాహెబ్ ఫాల్కే బఠానీ గింజ మొలిచి మొక్క కావడాన్ని ఒక్కో ఫ్రేముగా చిత్రీకరించాడు. విద్యార్థులకూ ఇది సాధ్యమే: ఇంగ్లండ్‌లో నిక్ పార్క్ విద్యార్థిగా మొదలుపెట్టిన మట్టిబొమ్మల సినిమా ‘ఎ గ్రాండ్ డే అవుట్’ 1989లో పూర్తయి, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మన పక్కనున్న ఫణిగిరిలో శిల్పులు బుద్ధుని కథను తోరణం మీద ఘట్టం వెనుక ఘట్టంగా చెక్కారు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఫణిగిరి శిల్పాలను ప్రదర్శించింది. జనగామ దాటితే వచ్చే చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద కథలు గీస్తారు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి బొమ్మలు చేస్తారు. బొమ్మతో కథ చెప్పడం ఈ నేలకు తెలుసు.

కథలకూ కొదవ లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య, అదే పోరాటంలో నిలిచిన కర్విరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు, అవ్వ చెప్పే రాత్రి కథ, ఏదైనా తీయొచ్చు.

మీ అనుమానాలకు మా జవాబు

“ఫోన్ ఇస్తే పిల్లలు పాడవుతారు” అంటారు. ఇప్పటికే పిల్లలు ఫోన్ చూస్తున్నారు. ఇక్కడ వాళ్లు చూసేవాళ్లుగా కాక చేసేవాళ్లుగా ఉంటారు. ఫోన్ సారు చేతి మీదుగా వస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో ఉంటుంది, పని అయ్యాక తిరిగి పోతుంది.

“ఖర్చు” అంటారు. జట్టుకు ఒక్క ఫోన్ చాలు. స్టాండు లేకుంటే రెండు ఇటుకల నడుమ కదలకుండా నిలపొచ్చు. ఎండ మారితే బొమ్మ మీద వెలుగూ మారుతుంది కాబట్టి, కిటికీలు మూసి ఎల్‌ఈడీ బల్బు పెట్టుకుంటే సరి. ఫొటోలను వరుసపెట్టే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. లోపల సన్నటి తీగ పెట్టి, పైన చెరువు మట్టి అద్దితే బొమ్మ సిద్ధం. మట్టి ఎండి పగలకుండా తడిగుడ్డ కప్పి ఉంచాలి.

“సిలబస్ ఎట్లా?” అంటారు. మేము కొత్త పీరియడ్ అడగడం లేదు. ఉన్న ప్రాజెక్టునే మార్చమంటున్నాం.

మా కోరికలు

1. ఈ ఏడు 8, 9 తరగతుల్లో ఒక ప్రాజెక్టును ఐదారుగురి జట్టుతో తీసే సినిమాగా పెట్టాలి. మొదటిసారి అర నిమిషం, అంటే 360 ఫొటోలు చాలు.

2. మార్కులు సినిమా అందాన్ని బట్టి కాక, కథ, లెక్క, పని పంచుకున్న తీరు చూసి వేయాలి.

3. మండల విద్యాధికారి ఉపాధ్యాయులకు ఒక్కరోజు శిక్షణ ఏర్పాటు చేయాలి.

4. నవంబర్ 14న ప్రతి బడిలో పిల్లల సినిమాలను తల్లిదండ్రుల ముందు ప్రదర్శించాలి.

తల్లులారా, తండ్రులారా! వచ్చే బడి మీటింగుకు పని మానుకొనైనా రండి. ఈ కరపత్రం హెడ్మాస్టర్ ముందు పెట్టి, “మా బిడ్డలతో ఈ సినిమా తీయిస్తారా?” అని అడగండి. మీరు అడిగితేనే ఇది జరుగుతుంది.

ఇట్లు
తిరుమలగిరిలోని మీ తోటి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు