రేడియో కొనే ముందు

షార్ట్‌వేవ్ రేడియో కొనదలచినవారు దుకాణదారుని మొదట అడిగేది "ఇది ఎంత దూరం అందుకుంటుంది?" అని. ఆ ప్రశ్నే సరియైనది కాదని నా అభిప్రాయం. షార్ట్‌వేవ్, అనగా హ్రస్వ తరంగాలు, అయనోమండలంలో వంగి తిరిగి నేలకు చేరుతాయి. అందువల్ల వేల కిలోమీటర్ల ఆవలి ప్రసారాన్ని చిన్న రేడియో సైతం వినిపించగలదు. దూరాన్ని దాటించేది ఆకాశమే గాని మనం కొన్న పెట్టె కాదు.

రేడియో చేయవలసిన అసలు పని వేరుచేయడం. అంతర్జాతీయ ప్రసారకేంద్రాలు కేవలం 5 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో కూడ ఉంటాయి. రాత్రివేళ 49 మీటర్ల బ్యాండులో వార్తలు చదివే గొంతుపై ప్రక్క కేంద్రం పాట వచ్చి పడుతుంది. ఆ రెంటినీ విడదీసే శక్తినే సెలెక్టివిటీ అంటారు. చౌక సెట్లలో మరొక చిత్రం ఉంది. బలమైన కేంద్రం తన స్థానంలోనే కాక, 910 కిలోహెర్ట్జ్‌ల దిగువన కూడ వినబడుతుంది. అది చూసి, ఎన్ని కేంద్రాలు వస్తున్నాయో అని మురిసిపోయేవారు లేకపోలేదు! డబుల్ కన్వర్షన్ అమరిక గల సెట్టులో ఈ నీడలు చాలవరకు తొలగుతాయి.

ఖర్చు మరికొంత భరించగలిగితే సింగిల్ సైడ్‌బ్యాండ్ సౌకర్యం ఉన్న సెట్టును ఎన్నుకోవడం మేలు. అమెచ్యూర్ రేడియోవారి సంభాషణలు అది లేని సెట్టులో అర్థంకాని గొణుగుడుగా మిగిలిపోతాయి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాను వెళ్ళి ఉన్న బృందం, పోర్టుబ్లెయిర్ నుండి ప్రధాన భూభాగానికి సందేశాలు అందించింది. అటువంటి గొంతులను వినలేని సెట్టు నా దృష్టిలో సగం రేడియోయే.

అయితే ఎంత మంచి సెట్టయినా మన ఇంట్లోనే ఓడిపోవచ్చు. నేను మోజుపడి కొన్న సెట్టు మొదటి రాత్రి రొద తప్ప మరేమీ వినిపించలేదు. మోసపోయానని తిట్టుకున్నాను. ఇంతలో కరెంటు పోయింది. బ్యాటరీలపై నడుస్తున్న ఆ రేడియోలో చీకటితోపాటే ఏదో దూరదేశపు సంగీతం తేటగా వినవచ్చింది! దోషం సెట్టుది కాదు, ఎల్.ఇ.డి. బల్బులది, సెల్‌ఫోను చార్జర్లది. కనుక కొనే ముందు ఎవరినైనా అడిగి ఒక చిన్న సెట్టు తెచ్చి, మెయిన్ స్విచ్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి విని చూడాలి. రొద హెచ్చుగా ఉంటే, ఖరీదైన సెట్టుకు పెట్టే ధనంలో కొంత మిగిల్చి మేడపైన పది మీటర్ల రాగితీగ కట్టుకోవడం ఉత్తమం. అది విద్యుత్తు తీగలకు దూరంగా ఉండాలి. ఉరుములు వినబడగానే సెట్టు నుండి తీసివేయాలి. మరీ పొడవైన తీగ తగిలిస్తే చిన్న సెట్టు తట్టుకోలేక కేంద్రాలన్నింటినీ కలగాపులగం చేస్తుంది.

సెల్‌ఫోనులో ప్రపంచమంతా వినబడుతుండగా ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరితో ముగిసిన మాట నిజమే. మరికొన్ని దేశాలవారు కూడ అంతకు ముందే విరమించుకున్నారు. అందుకే అప్పు చేసి పెద్ద సెట్టు కొనమని నేను చెప్పను. కాని ఏ సంస్థకూ చందా కట్టకుండా, ఎవరి సెల్ టవరు అవసరమూ లేకుండా పరదేశపు గొంతు నేరుగా ఇంటికి వచ్చే మార్గం ఇంకా తెరిచే ఉంది. దానికి సెలెక్టివిటీ గల చిన్న సెట్టు, నాలుగు బ్యాటరీలు, పది మీటర్ల తీగ చాలు.