బైరాన్‌పల్లి సాక్షులు

సిద్దిపేట జిల్లాకు పడమటి అంచున మర్కూక్ ఉన్నది. తూర్పు అంచున బైరాన్‌పల్లి ఉన్నది. 2016లో జిల్లాలను పునర్విభజించిననాడు ఈ రెండూళ్లును ఒకే జిల్లా గొడుగు క్రిందికి వచ్చినవి. అంతకు ముందు ఒకటి మెదకు జిల్లాది, మరొకటి వరంగల్లు జిల్లాది. మర్కూక్ పాఠశాల బాలుని పిలిచి కొండపోచమ్మ సాగరమును గూర్చి అడిగినచో, అది పదునైదు టి.ఎం.సి.ల జలాశయమనియు, 2020 మే నెలలో గోదావరి నీరు అంత ఎత్తునకు ఎక్కినదనియు గుక్క తిప్పుకొనక చెప్పును. కన్నులార చూచినవాడు గదా! జలియన్‌వాలాబాగును గూర్చి అడిగినను తడబడక 1919 ఏప్రిల్ 13 అని తేదీతో సహా ఒప్పజెప్పును. తన జిల్లాలోనే, తన ముత్తాత యౌవనమున, బైరాన్‌పల్లిలో ఏమి జరిగినదని అడిగినచో మాత్రము తల వంచుకొనునేమో. తప్పు ఆ బాలునిది కాదు.

1948 ఆగస్టు 27. శ్రావణ బహుళము. తెల్లవారుటకు ఇంకను వేళయున్నది. నిజాము పోలీసులు, సైనికులు, రజాకార్లు కలిసి వందలకొలది బలగముతో బైరాన్‌పల్లిని చుట్టుముట్టిరి. చీకటితోనే ఊరి వెలుపలికి పోయిన వారి కంటబడి కేకలు వినబడినంతనే బురుజుమీది కాపలావారు నగారా మ్రోగించిరి. ఊరు మేలుకొన్నది, కాని అప్పటికే దారులన్నియు మూసికొనిపోయినవి.

ఆ బురుజును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పూర్వము దోపిడీ దండుల భయమునకు తెలంగాణపు పల్లెలలో ఎత్తైన బురుజులు కట్టుకొనుట వాడుక. కాలము మారి ఆ భయము తీరిన పిమ్మట అవి పావురములకు, పసులకాపరి పిల్లలకు విడిదులైనవి. రజాకార్ల దౌర్జన్యములు మితిమీరిన దినములలో బైరాన్‌పల్లివారు తమ పాత బురుజును మరల వినియోగమునకు తెచ్చిరి. ఇమ్మడి రాజిరెడ్డి, దూబూరి రాంరెడ్డి మొదలగువారు ముందు నిలిచి గ్రామరక్షక దళమును ఏర్పరచిరి. కాపలాకు వంతులు ఏర్పడినవి. వారి ఆయుధములేమి? కర్రలు, వడిసెలలు, రాళ్ల కుప్పలు, మందు కూరి పేల్చెడి బర్మారు తుపాకులు. ఈ సామగ్రితోనే వారు అంతకు ముందు వచ్చిన దాడులను త్రిప్పికొట్టిరి. చుట్టుపట్ల పల్లెలను దోచి కాల్చిన మూకకు ఈ ఒక్క ఊరు లొంగలేదు. ఆగస్టు 27వ తేదీ నాటి దాడి ఆ పరాభవమునకు ప్రతీకారముగా, ముందుగా యోచించి, ఫిరంగితో సహా తరలివచ్చిన దాడి.

వడిసెల దూరమున నిలిచి పోరాడువానితో బర్మారు తలపడగలదు, ఫిరంగితో తలపడజాలదు. గుండ్లు తగిలి బురుజుపైనున్నవారు నేలకొరిగిరి. అక్కడ దాచియుంచిన మందునకు నిప్పంటుకొన్నది. నగారా ఆగినది. తరువాత సాయుధులు ఊరిలో చొరబడిరి. ఇండ్లలోనుండి మగవారిని ఈడ్చితెచ్చి, చేతులు కట్టి, వరుసలుగా నిలిపి కాల్చిరి. స్త్రీలు పడిన అవమానమును ఆ ఊరి ముసలివారు నేటికిని గొంతు తగ్గించియే చెప్పుదురు. ఇచటను అంతకు మించి వ్రాయుట తగదు. అదే దినమున పొరుగుననున్న కూటిగల్లులోను రక్తపాతము జరిగినది.

ఇది జరిగిన పదునేడు దినములకు, సెప్టెంబరు 13న, భారత సైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినది. సెప్టెంబరు 17న నిజాము కాల్పుల విరమణను ప్రకటించెను. మరునాడు జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ఎదుట సైన్యముతో లొంగిపోయెను. చరిత్ర గ్రంథములో ఈ రెండు సంఘటనలకు నడుమ ఒక పేరాకు మించి చోటుండదు. బైరాన్‌పల్లి వితంతువులకు ఆ పదునేడు దినములు ఎంత పొడవైనవో గ్రంథము చెప్పజాలదు. మూడు వారముల ముందుగా ఆ సైన్యము కదలియుండినచో అను ఆలోచన ఆ ఊరివారికి రాకపోయియుండదు.

నాటి కల్లోలమును మతముల నడుమ పోరుగా బోధించువారు కొందరున్నారు. ఉపాధ్యాయులు ఈ విషయమున మెలకువ వహింపవలెను. బైరాన్‌పల్లికి ఐదు దినములు ముందు, 1948 ఆగస్టు 22న, హైదరాబాదు నగరములో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల చేతిలో హతుడయ్యెను. సంస్థానము భారతదేశములో కలియవలెనని వ్రాసినందుకు అతని చేతిని నరికిరి. పోలీసు చర్య పిమ్మట కొన్ని జిల్లాలలో, రజాకార్లతో ఏ సంబంధమును లేని ముస్లిము కుటుంబములపై ఘోరమైన దాడులు జరిగినవనుటయు సత్యమే. దానిని విచారించుటకు పండిత సుందరలాలు బృందమును భారత ప్రభుత్వమే పంపినది. బైరాన్‌పల్లిని చెప్పి దీనిని దాచినను, దీనిని చెప్పి బైరాన్‌పల్లిని దాచినను పాఠము కుంటుపడును.

ఇక అసలు విషయము. బైరాన్‌పల్లిలో ఎందరు మరణించిరి? అచ్చయిన లెక్కలు ఒకదానితో నొకటి కలియవు. ఒకచోట 84 అని యున్నది. మరొకచోట 96 అని యున్నది. కూటిగల్లు మృతులను కలుపుకొని 118 అనువారును కలరు. ఏ సంఖ్యను వ్రాసినవారును అసత్యమాడవలెనని వ్రాయలేదు. ఊరివారిని మాత్రమే లెక్కించుటయా, తలదాచుకొన వచ్చినవారిని చేర్చుటయా, గాయపడి తరువాత మరణించినవారి మాటయేమి అనునవి ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా నిర్ణయించుకొనిరి. ఊరి నడుమ స్తూపమున్నది, బురుజును నిలిచియున్నది. కాని ఒక్క సంఖ్యపై లోకము ఏకాభిప్రాయమునకు రాలేదు.

ఆకస్మిక దాడులను ఇతర దేశములు జ్ఞాపకముంచుకొను తీరును దీని ప్రక్కన పెట్టి చూడవచ్చును. 1941 డిసెంబరు 7వ తేదీ ఉదయము జపాను విమానములు పెరల్ హార్బరుపై విరుచుకుపడినవి. ఆ దినమున మరణించిన అమెరికనులు 2,403 మంది. ఒక్క అరిజోనా నౌకలోనే 1,177 మంది. వారి పేర్లు ఆ నౌకపై కట్టిన స్మారకమందిరపు చలువరాతిపై ఒక్కటియు విడువక చెక్కబడినవి. బ్రతికినవారు 1958లో సంఘముగా ఏర్పడి, ఏటేట కలిసికొని, సభ్యులు వృద్ధులై తగ్గిపోగా 2011 సంవత్సరాంతమున ఆ సంఘమును తామే ముగించుకొనిరి. అరిజోనానుండి బ్రతికి బయటపడినవారిలో కడపటివాడైన లూ కాంటర్ 2024 ఏప్రిల్ 1న, తన 102వ ఏట, కన్నుమూసెను. అతడు కడపటివాడని లోకమునకు తెలియుటకు కారణమేమి? నౌకకు హాజరుపట్టీ యున్నది.

బైరాన్‌పల్లి బురుజునకు హాజరుపట్టీ లేదు. ఆ రాత్రి కాపలా వంతు ఎవరిదో, వడిసెల త్రిప్పినవారెవరో, రాళ్లు మోసి అందించిన ఆడువారెవరో ఏ దస్తరములోను వ్రాసిపెట్టలేదు. దీని ఫలితము తరువాత ఏండ్లలో కనబడినది. స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్ర ప్రభుత్వము 1972 ఆగస్టు 15 నుండి పింఛను ఏర్పాటు చేసినది. 1980లో దానిని విస్తరించి ‘స్వతంత్రతా సైనిక సమ్మాన్’ అని పేరు మార్చినది. హైదరాబాదు సంస్థాన విలీనోద్యమమును ఈ పథకమున చేరినది. కాని నియమము ప్రకారము ఆరు నెలలు చెరసాలలోనో అజ్ఞాతవాసములోనో గడిపినట్లు రుజువు చూపవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని చెరసాల గడువు మూడు నెలలు. మృతుల కుటుంబములకును పథకమున చోటున్నది. అయినను దేనికైనను కాగితమే ఆధారము.

ఈ నియమమును నిందించుటకు తొందరపడరాదు. దొంగ ధ్రువపత్రములతో పింఛను పొందినవారి కథలు దేశమందంతటను వినబడినవే. ఐనను, తన ఊరు విడిచి పోనివాడు, చెరసాల ముఖమెరుగనివాడు, పగలు దుక్కి దున్ని రాత్రి బురుజెక్కినవాడు ఏ కాగితము తేగలడు? అతడు పోరాడినది ఆరు నెలలు కాకపోవచ్చును; ఒక్క తెల్లవారుజామే కావచ్చును. ఆ ఒక్క జామునకు కొలమానము నియమావళిలో లేదు. చదువురాని వారి సాహసమునకు చదువు వచ్చిన వారి కాగితము సాక్ష్యమైనపుడు, సాక్ష్యము లేకపోవుట సహజము.

సెప్టెంబరు 17 వచ్చినపుడెల్ల ఆ దినమునకు ఏ పేరు పెట్టవలెనను వాదము బయలుదేరును. విమోచనమనువారు ఒకరు, విలీనమనువారు ఒకరు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనినది, అదే దినమున కేంద్ర ప్రభుత్వము హైదరాబాదు విమోచన దినమనినది. 2024లో రాష్ట్రము ప్రజాపాలన దినోత్సవమనినది. పేరేదైనను ఒక శాలువ, ఒక పూలదండ, ఒక ఛాయాచిత్రము తప్పక ఉండును. వేదికపై కూర్చుండబెట్టిన వృద్ధుని మాట్లాడుమని అడుగుట మాత్రము అరుదు. అడిగినను రెండు నిమిషములకే ధ్వనివర్ధకము మరొకరి చేతిలోనికి పోవును.

లెక్కవేసి చూచినచో తొందర ఎంతయో తెలియును. 1948లో ఇరువది యేండ్ల పడుచువాడు 2028లో నూరేండ్లవాడగును. బర్మారు పట్టినవారిలో నేడు మిగిలినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. నాడు పదేండ్ల బాలురై గాదె చాటునను, గడ్డివాము వెనుకను దాగి చూచినవారు ఇపుడు తొంబదికి చేరువగా నున్నారు. వీరు యోధులు కారనువారుందురు. కాని యోధులు పోయిన పిమ్మట సాక్షులే మిగులుదురు. ఆ జాములో ఎవరు ఎటు పరుగెత్తిరో చెప్పగలవారు వీరే.

ఈ పని అసాధ్యమైనది కాదని తెలుగుదేశములోనే ఒకమారు రుజువైనది. తెలంగాణ రైతాంగ పోరాటములో పాల్గొన్న స్త్రీలను వెదకి, వారి మాటలను వారి నోటనే విని, స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథమును వెలువరించిరి. అందు చాకలి ఐలమ్మ మాటలున్నవి. ఆమె 1985లోనే మరణించినది. ఒక్క ఏడాది ఆలసించియుండినచో ఏమగునో విద్యార్థులే ఊహింపగలరు.

మర్కూక్ పాఠశాలలోని ఉపాధ్యాయుడు బైరాన్‌పల్లికే పోనక్కరలేదు, పోయినచో మంచిదే. తన ఊరిలోనే ‘రజాకార్ల కాలముల పుట్టిన’ అని వయసు చెప్పు ముసలివారు ఒకరిద్దరుండక పోరు. వారిని తేదీ అడుగరాదు. తేదీ వారికి తెలియదు, అడిగినచో నోరు మూసికొందురు. ఆనాడు చేలో ఏ పంట యున్నది, ఇంట ఏమి వండిరి, ఎవరు చేయి పట్టుకొని పోయిరి, ఏ ఊరికి పోయి తలదాచుకొనిరి, మరల ఇల్లు చేరునప్పటికి ఏమి మిగిలినది అని అడుగవలెను. పంట తెలిసినచో నెల తెలియును. పిల్లలు విన్నది విన్నట్లు వ్రాయవలెను. ముసలమ్మ ‘ఉరికినం’ అనినచో దానిని ‘పరుగెత్తితిమి’ అని దిద్దు ఉత్సాహము పిల్లలకంటె ఉపాధ్యాయులకే హెచ్చు, దానిని అణచుకొనవలెను. ‘దాసుకున్నం’ అను మాటలోని భయము ‘దాగికొంటిమి’ అను మాటలో ఉండదు. ఇట్టి పుటలలో వాడు గ్రంథభాషకును ఆ అధికారము లేదు.

ఇద్దరు చెప్పిన మాటలు కలియనిచోట రెంటిని వ్రాయవలెను. చనిపోయినవారి పేర్లను ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, వీలైనచో వృత్తితో కూడ వ్రాసికొనవలెను. ఒకే పేరు గలవారు ఇద్దరున్నచో లెక్క తప్పునది ఇచటనే. 84కు, 96కు, 118కి నడుమనున్న మనుషులెవరో తేలవలెనన్నను ఇట్లే తేలవలెను, పేరు వెంట పేరుగా.

ఆ నోటుపుస్తకమునకు రెండు ప్రతులుండవలెను. ఒకటి పాఠశాల బీరువాలో నుండును. రెండవది మాట చెప్పిన ముసలివారి ఇంట నుండవలెను. ఆ ఇంటిలో చదువ నేర్చిన మనుమరాలెవతెయో ఒక సాయంకాలము అరుగుపై కూర్చుండి దానిని తాతకు చదివి వినిపించును. తప్పు వ్రాసినచోట ఆయనయే ఆపి దిద్దును.