చేపలు, పాలు కలిస్తే బొల్లి వస్తుందా?



చేపలు వండిన పూట పిల్లలు పాలు అడిగితే మన ఇండ్లలో పెద్దలు ఉలిక్కిపడతారు. "వద్దమ్మా, బొల్లి వస్తుంది" అంటారు. ఆయుర్వేదము కూడ ఈ రెండింటిని విరుద్ధాహారమని చెప్పింది. అయితే ఐరోపాకు ఉత్తరాన ఉన్న ఫిన్లాండ్ దేశములో చేపలను పాలలోనే వండుకొంటారు. చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 1,88,000 సరస్సులున్న దేశమది. మంచినీటి చేపలు, బంగాళాదుంపలు, పాలు లేక మీగడతో వారు చేసుకొనే చిక్కని సూపు అక్కడి ఇంటింటి వంట.

మరి బొల్లి ఎందుకు వస్తుంది? శరీరములోని రక్షణ శక్తియే చర్మమునకు రంగునిచ్చే కణములను పొరపాటున నాశనము చేయుట వలన వస్తుంది. చేపలు, పాలు కలిపి తింటే వస్తుందనుటకు వైద్యశాస్త్రములో ఆధారము లేదు. అది అంటువ్యాధి కూడ కాదు. కాబట్టి బిడ్డ ఒంటిపై తెల్లమచ్చ కనబడితే, "కడుపుతో ఉన్నప్పుడు ఏమి తిన్నావు?" అని కోడలిని నిలదీయకండి. బిడ్డను చర్మవైద్యునికి చూపించండి.

ఈ సూపును మనమూ చేసుకోవచ్చు. ముళ్ళు తక్కువగా ఉండే కొర్రమీను మంచిది. తల, ముళ్ళు నీళ్ళలో అరగంట మరిగించి వడగట్టండి. ఆ నీళ్ళలో ఒక ఉల్లిపాయ, మూడు బంగాళాదుంపల ముక్కలు, మిరియాలు, ఉప్పు వేసి ఉడికించండి. దుంపలు మెత్తబడిన తరువాత ముళ్ళు తీసిన అరకిలో చేప ముక్కలు వేసి, అవి పూర్తిగా ఉడికిన పిమ్మట పావు లీటరు కాచిన పాలు పోసి, సన్నని సెగపై వేడి చేసి దించండి. చింతపండు, నిమ్మరసము వేయవద్దు, పాలు విరిగిపోతాయి.

అరకిలో చేపలో సుమారు 80 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు మాంసకృత్తులుంటాయి. ఐదుగురు పంచుకొంటే మనిషికి 17 గ్రాములకు పైగా అందుతాయి. పాలలో సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రక్తము పట్టుటకు కావలసిన బి12 విటమిను రెండింటిలోను ఉంది. నూనె అవసరము లేదు; కారము లేదు గనుక చిన్నపిల్లలు, పండ్లు లేని వృద్ధులు సులువుగా తినగలరు.

ఒక జాగ్రత్త. చేపలు గాని పాలు గాని పడనివారు దీనిని తినకూడదు. చేప తాజాగా ఉండాలి, బాగా ఉడకాలి. జబ్బు తెచ్చేది నిలవ చేప, పచ్చి చేప. వాటిలో కలిసిన పాలు కాదు.