కుళ్లాయప్ప యను పేరు



మొన్న సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు కుమారుని పదియవ తరగతి పరీక్ష దరఖాస్తును చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. "అక్కా, అయ్యవారితో చెప్పి వీని పేరు మార్పింపవలెను. కుళ్లాయప్ప అనగానే పట్నములో 'నీవు హిందువువా, ముసల్మానువా?' అని అడుగుచున్నారట. పిల్లవాడు చిన్నబోవుచున్నాడు" అనెను. ఆ బాలుడు గూగూడు స్వామికి మ్రొక్కుకొనగా కలిగిన బిడ్డ.

అనంతపురము జిల్లా నార్పల మండలములోని గూగూడున మొహర్రము దినములలో కుళ్లాయిస్వామి పీరు వెలయునని మీలో పెక్కుమంది యెఱుగుదురు. చక్కెర చదివించువారిలోను, గుండము త్రొక్కువారిలోను హిందువులే హెచ్చు. కన్నడసీమనుండియు జనులు వత్తురు. ఈ పండుగను గూర్చి అఫ్సర్ మహమ్మద్ గారు 2013లో ఆంగ్లమున నొక గ్రంథమే ప్రకటించిరి.

ముందుగా పేరు సంగతి చూతము. కుల్లాయి యనగా టోపి; పారసీకమునుండి వచ్చిన మాట. శ్రీనాథుడు కర్ణాట రాజసభకు పోయి పడిన పాట్లను తెలుపు చాటుపద్యమున ఈ మాట కలదు. అప్ప యనునది మన సీమలో తండ్రిని పిలుచు పిలుపు. ఇంచుమించు 600 ఏండ్ల క్రిందట కవిసార్వభౌముడే తలపై ధరించిన మాట మన బిడ్డ పేరున నున్న అది పరాయిదెట్లగును?

ఇక పీరు కథ మన సీమలో నింతగా వేరూనుటకు కారణమేమి? క్రీ. శ. 680లో కర్బలా మైదానమున ప్రవక్త దౌహిత్రుడైన ఇమాము హుసేను పరివారముతో చిక్కువడెను. యూఫ్రటీసు నది చేరువనే యున్నను శత్రువులు నీటిని అడ్డగించిరి. పసిబిడ్డలు దప్పిచే నలమటించిరి. మొహర్రము పదియవనాడు ఆయన వీరమరణము నొందెను.

మనదియు దప్పిగొన్న నేలయే. నైరృతి మేఘములు పడమటి కనుమలలోనే బరువు దించుకొనును. ఈశాన్య మేఘములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి డస్సిపోవును. ఉమ్మడి జిల్లాలో ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నీళ్లబిందె విలువ యెఱిగిన తల్లికి కర్బలా కథను వేఱొకరు విప్పి చెప్పనక్కఱలేదు. బాలకాండమున రోమపాదుని యంగదేశమును అనావృష్టి పీడింపగా ఋశ్యశృంగుడు అడుగిడినంతనే వాన కురిసెను. ఒక కథలో నీరు వచ్చినది. ఒక కథలో రాలేదు. మన యూళ్లు రెంటిని ఎఱుగును.

మన మాసములకును వారి మాసములకును చంద్రుడే ఆధారము. మనము అధికమాసమును చేర్చి ఋతువులతో సరిపెట్టుకొందుము. వారి వత్సరము సుమారు 354 దినములతో ముగియును. కావున పీర్లపండుగ ఏటేట పదునొకండు దినములు ముందునకు జరిగి, ఇంచుమించు 33 ఏండ్లలో ఋతువులన్నింటిని చుట్టివచ్చును. మన మండుటెండను, విత్తనపు పదనును, పంట యింటికి వచ్చు దినములను, పంట రాని దినములను కూడ ఆ పీరు చూచును.

గుండము త్రొక్కుట మతవిహితము కాదను ముసల్మాను పెద్దలును, పీరు మనకేల యను హిందువులును లేకపోలేదు. వారి మాట వారిది. కాని మ్రొక్కిననాడు ఆ తల్లి ఆ ప్రశ్న వేసుకొనలేదు. బిడ్డను మాత్రమే కోరుకొన్నది.

ఈ మాటలన్నియు ఆమెకు చెప్పితిని. పేరు మార్చవలదని మాత్రము అనలేదు. పిల్లవానికి ఆ పేరు ఎట్లు వచ్చినదో ఎప్పుడైన చెప్పితివా యని యడిగితిని. ఆమె తలవంచుకొని, "లేదక్కా" అనెను. మ్రొక్కుబడి పేర్లు పెట్టిన తల్లులారా, పేరుతోపాటు దాని కథను కూడ బిడ్డల కిండు. కథ తెలియని బిడ్డకు ప్రశ్న అవమానముగా తోచును. తెలిసిన బిడ్డ తలయెత్తి బదులు చెప్పును.

ఆమె దరఖాస్తును తిరిగి యింటికి కొనిపోయినది. మొదట కుమారునకు కథ చెప్పునట. పిమ్మట పేరు సంగతి వానినే యడుగునట.