సురవరం పేరున్న అక్షరాలు

1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను ఒక్కచోటికి తెచ్చారు. గద్వాల సీమలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లిన ఆ మహనీయుడి పేరుతో ఇప్పుడొక తెలుగు ఫాంటు ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు.

హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి నడుస్తున్నదీ ఈ దారిలోనే. ఇలాగే ఉచితంగా వాడుకోగల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెలుగులో రావడం, కాలేజీల్లో విద్యార్థి బృందాలు ఏర్పడటం దాని కృషి ఫలితాలు. ఈ పనికి జీతం లేదు. సెలవు రోజున వచ్చి, పక్కవాడి పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, అది మొరాయిస్తే చీకటిపడేదాకా కూర్చునే ఓపికే పెట్టుబడి. ప్రోగ్రాములు రాయడం వచ్చితీరాలనేం లేదు. తెరమీది తెలుగు మాటను సరిదిద్దేవారు, కొత్తవారికి విసుక్కోకుండా చెప్పేవారు కూడా కావాలి. మా దృష్టిలో బృందం నిలిచేది వీళ్లతోనే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలు ఇలాంటి బృందంలో చేరడానికి హైదరాబాద్ బస్సెక్కాల్సిన అవసరం ఉండకూడదు. గ్రంథాలయాల నిర్వాహకులను, కాలేజీల ప్రిన్సిపాళ్లను కోరుతున్నాం: వారానికి ఒక్క పూట ఒక గది, కరెంటు, ఇంటర్నెట్ ఇవ్వండి. విద్యార్థులారా, మూలన పడేసిన ఆ కంప్యూటర్‌ను దులిపి తీసుకురండి.