ఖాళీగా ఉన్నామా?

గుండుగొలనులో అరుగు మీద క్రోషే సూది పట్టుకున్న ఇల్లాలిని "ఏం చేస్తున్నారండీ?" అని అడగండి. "ఖాళీయే, లేసు అల్లుకుంటున్నాను" అంటుంది. ఖాళీ అయితే ఒళ్లో ఆ దారపుండ ఎందుకమ్మా?

పాత పశ్చిమగోదావరిలోదే నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అక్కడి ఆడవాళ్ల చేతుల్లో విదేశాలకెళ్లింది. గంటల తరబడి వాళ్లు చేసే పనిని తీరికవేళ కాలక్షేపంగా లెక్కగట్టారని, లాభం వ్యాపారులదైందని మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో చూపించారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరొచ్చింది సరే, కూలి మాటేమిటి?

అక్కడ ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. పువ్వొక్కటే వచ్చినవాళ్లు ఇచ్చింది పుచ్చుకోవాల్సిందే. అందుకే కొత్త కుట్టు నేర్చుకునేటప్పుడు పువ్వుతో ఆగకండి. కొలత, అతుకు, అంచు కూడా నేర్చుకోండి. పర్సో, పాపాయి టోపీయో మొదలు నుంచి చివరిదాకా మీరే చేయగలిగితే బేరం మీ చేతిలో ఉంటుంది.

కానుకైతే ప్రేమగా ఇవ్వండి. అమ్మితే మాత్రం దారం ఖరీదుతోపాటు మీ గంటలూ లెక్కెయ్యండి. ఈసారి ఎవరైనా అడిగితే "పనిలో ఉన్నాను" అనండి!