పెద్దల మతిమఱపు - సెల్లు ఫోను



ఈ మాసము పెద్దల మతిమఱపును గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇందులకు కారణము మా యింటనే కలదు గావున దాచక చెప్పెదము.

మా అత్తగారికి 72 ఏండ్లు. రెండేండ్ల క్రిందట ఆమె అడిగినదే మరల నడుగుటయు, పొయ్యిమీద పాలుంచి మఱచుటయు మొదలాయెను. మాకవరపాలెమున మా వీధిలో ఈ మాట పొక్కగా, చూడవచ్చిన అమ్మలక్కలందఱును ఒక్కటే తీర్పు చెప్పిరి. "పూటకో గంట ఆ సెల్లు చెవికి అదిమిపెట్టుకొని కూతురితో మాటాడుతుంది గదమ్మా! ఆ కరెంటు తలకెక్కి మెదడు ఎండిపోయింది" అనిరి. పొలిమేరలోని టవరే దీనికి మూలమని మఱియొకరు చెప్పిరి.

మేము నమ్మితిమి. ఆమె మేలుకోరియే ఫోనును బీరువాలో నుంచి తాళము వేసితిమి. ఆడపడుచు ఖరగపురమున కాపురమున్నది. తల్లీ కూతుండ్రకు ఆ ఫోనే వంతెన. మూడు నెలలు గడచెను. మతిమఱపు తగ్గలేదు సరికదా, ఆమె నోట మాటయే తగ్గెను. వీధి అరుగుమీదికి వచ్చుటయు మానెను. అప్పుడు గాని, మేము చేసినది న్యాయమా యని విచారించుటకు మాకు బుద్ధి పుట్టలేదు. చదువగా, తెలిసినవారి నడుగగా గ్రహించిన సంగతు లివి.

సెల్లు ఫోనునుండియు టవరునుండియు వెలువడునవి రేడియో తరంగములు. ఇవియు ఎక్సురే కిరణములును ఒకే జాతివైనను శక్తిలో మిక్కిలి భేదము కలదు. కొమ్మనున్న మామిడికాయను రాల్చుటకు ఒక్క రాయి చాలును; వేయి గుప్పిళ్ల ఊక విసరినను కాయ రాలదు. ఎక్సురే కిరణము రాయివంటిది. దేహములోని అణువుల బంధములను త్రెంచగలదు. రేడియో తరంగము ఊకవంటిది; బంధములను త్రెంచలేదు. బలము మిక్కుటమైనచో వేడి మాత్రము పుట్టించును. ఆ వేడి హానికరము కాకుండుటకే ప్రభుత్వములు హద్దులు పెట్టినవి. మన దేశమున 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి టవరు తరంగముల హద్దును అంతర్జాతీయపు హద్దులో పదవ వంతునకు తగ్గించిరి. ఫోనునకు సయితము, ఒక గ్రాము కండరముమీద సగటున కిలోకు 1.6 వాట్లు మించరాదని నియమము చేసిరి.

మఱియొక విశేషము. దూరము రెండింతలైనచో తరంగబలము నాల్గవ వంతునకు పడిపోవును. కావున పొలిమేరలోని టవరుకంటె చెవికానించిన ఫోనే తలకు ఎక్కువ తరంగముల నిచ్చును. టవరు దూరమై సిగ్నలు సన్నగిల్లినచోట ఫోను తన బలమును హెచ్చించి పలుకును. దగ్గఱ టవరున్నచో ఫోను మెల్లగానే పలుకును. అమ్మలక్కల తీర్పు ఇచట తలక్రిందులైనది!

అయినను, తరంగములకు మెదడుమీద ప్రభావమే లేదా? 2011లో అమెరికాలో 47 మందికి చెవికడ ఫోను నుంచి 50 నిమిషములు పరీక్షింపగా, ఆ వైపు మెదడు భాగము చక్కెరను సుమారు 7 పాళ్లు అధికముగా వినియోగించినట్లు కనబడెను. అది హానియో కాదో ఆ పరీక్షవలన తేలలేదు. అంతకు ముందటి ఏడు, 2010లో, ఫ్లోరిడా పండితులు మతిమఱపు వ్యాధి కలుగునట్లు పెంచిన చిట్టెలుకలకు ఇట్టి తరంగములను నెలల తరబడి సోకింపగా, వాని జ్ఞాపకము మెఱుగుపడినదని ప్రకటించిరి! ఎలుకలకు మేలు కలిగినదని మనము ఫోనును ఔషధముగా సేవింపము గదా. అట్లే ఒక్క పరీక్షను పట్టుకొని దానిని విషమనుటయు తగదు.

2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కాన్సరు పరిశోధనాలయము ఈ తరంగములను "కాన్సరు కలిగింపవచ్చునేమో" యను తరగతిలో చేర్చెను. ఆసియా సంప్రదాయపు ఊరవేసిన కూరగాయలును ఆ తరగతిలోనివే. తరువాత 2024లో ఆ సంస్థయే కోరి చేయించిన సమీక్షలో 63 పరిశోధనలను పరిశీలింపగా, సెల్లు ఫోనునకును మెదడు కాన్సరునకును సంబంధము కానరాలేదు. జ్ఞాపకశక్తిని గూర్చి అదే యేట వెలువడిన వేఱొక సమీక్షయు, కొంతసేపు సోకిన తరంగములు మనుష్యుల బుద్ధిబలమును తగ్గించినట్లు కనబడలేదనియే చెప్పెను.

పెద్ద కరెంటు లైనుల మాట వేఱు. స్విట్జర్లాండున 2009లో, హైటెన్షను తీగలకు 50 మీటర్ల లోపల చిరకాలము నివసించినవారిలో ఆల్జైమరు వ్యాధి మరణములు కొంత హెచ్చుగా కనబడెను. డెన్మార్కున 2013లో వెదకగా అట్టి సంబంధమునకు గట్టి యాధారము దొరకలేదు. అట్టి తీగల క్రింద ఇల్లు కట్టకుండుట వివేకము. ఇంటి దీపమును చూచి భయపడుట అవివేకము.

మఱి మతిమఱపునకు తెలిసిన కారణము లేవి? 2024లో లాన్సెటు పత్రిక నియమించిన పండితసంఘము పదునాలుగింటిని పేర్కొనెను. రక్తపుపోటు, మధుమేహము, చెడు కొలెస్టరాలు, పొగత్రాగుట, వ్యాయామము లేమి, చూపు మందగించుట, చెవుడు, దిగులు, ఒంటరితనము మున్నగునవి అందున్నవి. అన్నింటిని సరిదిద్దుకొన్నచో 100కు దాదాపు 45 పాళ్లు వ్యాధిని తప్పింపనో వెనుకకు నెట్టనో వచ్చునట. ఆ జాబితాలో ఫోను లేదు. చెవుడును ఒంటరితనమును ఉన్నవి.

మాటలాడుట మెదడునకు ఎంత బలమో మన హైదరాబాదు నిమ్సు ఆసుపత్రివారు 2013లో ప్రకటించిన పరిశోధనయు సూచించుచున్నది. 648 మంది రోగులను పరిశీలింపగా, రెండు భాషలు మాటలాడువారికి ఒక్క భాషవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వ్యాధి పొడసూపినది. అక్షరము రానివారిలోను ఈ భేదము కనబడినది.

ఇది చదివి మేము అత్తగారిని వైద్యునికి చూపితిమి. రెండు చెవులును చాలవఱకు వినబడుట లేదని తేలెను. అప్పుడు మాకు కన్నులు తెఱవబడెను. ఆమె ఫోనును అంతగా చెవికి అదుముకొన్నది వినబడకయే! అడిగినదే అడిగినది, మా జవాబులు సగము వినబడకయే! మేము వ్యాధి గుర్తును వ్యాధి కారణమని భ్రమించి, ఆమెకు మిగిలిన ఒక్క మాటల దారిని మూసితిమి. ఆ మూడు నెలలు తలచుకొన్నచో ఇప్పటికిని మనస్సు చివుక్కుమనును.

చెవి యంత్రము వచ్చినది. ఫోను బీరువా దిగినది. మతిమఱపు పూర్తిగా పోయెనని చెప్పము. పాలు ఇప్పటికిని అప్పుడప్పుడు పొంగుచునే యున్నవి. కాని సాయంకాలము అరుగుమీద ఆమె నవ్వు మరల వినబడుచున్నది.

తుదకు మా మనవి యిది. పెద్దలు మఱచుట మొదలిడినప్పుడు ముందుగా చెవులు, కన్నులు, రక్తపుపోటు, చక్కెర పరీక్షింపించుడు. థైరాయిడు, బి12 విటమిను కొఱతలవలనను మఱపు వచ్చును. అవి చికిత్సకు లొంగునవి. ఫోనును గూర్చి శంక తీరనిచో, స్పీకరు పెట్టి మాటలాడింపుడు. దూరము హెచ్చును, భయము తగ్గును. గుండెకు పేసుమేకరు అమర్చినవారు మాత్రము ఫోనును దానికి ఆఱంగుళముల దూరముననే యుంచి, రెండవవైపు చెవితో వినవలెను. రాత్రి ఫోను తలగడ ప్రక్కనుండి నిద్ర చెఱచకుండ చూడుడు.

ఫోనును తీసివైచుట సులువు. దాని బదులు మనము కూర్చుండి మాటలాడుట కష్టము. ఆ కష్టమునకు ఒప్పుకొనని యింట, ఉన్న మాటల దారిని మూయకుందుము గాక!